తిరుగని తాళపుచెవి



ప్రయాణమునకు సర్వము సిద్ధమై, సామాను డిక్కీలో సర్దుకొని, పిల్లలును పెద్దలును తమతమ స్థానములలో కూర్చుండిన పిమ్మట, కారు నడుపువారు తాళపుచెవిని స్టీరింగు ప్రక్కనున్న రంధ్రమున దూర్చి త్రిప్పబోగా, అది వెంట్రుకవాసియైనను కదలక మొండికెత్తుట మనలో పెక్కుమందికి అనుభవమైన విషయమే. పెట్రోలు నిండుకొన్నచో ముల్లు ముందుగనే హెచ్చరించును. బ్యాటరీ నీరసించినచో దీపములు మసకబారి ఆ సంగతి తెలుపును. టైరులో గాలి పోయినచో కంటికే కనబడును. తాళపుచెవి తిరుగనప్పుడు మాత్రము కారణమును తెలుపు గురుతు పైకేదియు కానరాదు. నిన్న సాయంకాలము సుఖముగా తిరిగిన చెవి నేటి యుదయమున ఏల తిరుగదో బోధపడక, వెనుక కూర్చున్నవారు తొందర పెట్టుచుండగా, మనుష్యుడు సహజముగా చేయు పని ఒక్కటియే: చేతిబలమును మరికొంత హెచ్చించుట. చిక్కునకు చేటు తోడగునది అచ్చటనే.

ఈ విషయమున నేను మీకు మనవి చేయదలచినది మిక్కిలి సులభమైన విచారణ. తాళపుచెవి తిరుగకపోవుటకు కారణములు ఎన్ని యున్నను, అవి యన్నియు రెండు జాతులలో ఇమిడిపోవును. తాళము తన ధర్మమును తాను చక్కగా నిర్వర్తించుచున్నందున చెవిని తిరుగనీయకుండుట మొదటి జాతి. తాళమో చెవియో అరిగిపోయి, మలినపడి, ధర్మమును నిర్వర్తింపజాలని స్థితికి వచ్చుట రెండవ జాతి. మొదటిదానికి చికిత్స ఒత్తిడిని తొలగించుట. రెండవదానికి చికిత్స అరుగుదలను సరిచేయుట. ఈ రెంటిలో దేనికిని బలప్రయోగము మందు కాదు. కావున చేతిని బిగించుటకు ముందు, మన యెదుటనున్నది ఏ జాతి తిరస్కారమో తెలిసికొనుట ప్రథమ కర్తవ్యము.

ఇంత చిన్న లోహపు ముక్కపై ఇన్ని బాధ్యతలు ఎట్లు చేరినవో ముందుగా చూతము. తొలినాటి మోటారు కార్లను నడుపుటకు ముందు, ఎదుట నిలిచి ఇనుప హ్యాండిలును చేతితో త్రిప్పవలసి యుండెడిది. ఇంజను ఎదురుతిరిగి ఆ హ్యాండిలు వెనుకకు కొట్టినచో మణికట్టు విరుగుట ఆనాడు వింత కాదు. చార్లెస్ కెట్టరింగు అను అమెరికా దేశపు ఇంజనీరు రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లలో ప్రవేశించి ఆ శ్రమను తొలగించెను. అయినను తరువాత చాలకాలము వరకు, విద్యుత్తును కలుపుటకు ఒక చెవియు, స్టార్టరును నడుపుటకు వేరొక మీటయు ఉండుటయే సామాన్యము. చెవిని త్రిప్పినంతనే ఇంజను మేల్కొను పద్ధతిని 1949లో క్రైస్లర్ కంపెనీ తన కార్లలో ప్రవేశపెట్టెను. దొంగతనములు పెరిగిన పిమ్మట స్టీరింగును బంధించు పనియు ఆ చెవికే అప్పగింపబడినది: పశ్చిమ జర్మనీలో 1961 నుండియు, అమెరికాలో 1970 నుండియు కొత్త కార్లకు దొంగతనమును నివారించు ఇట్టి తాళపు ఏర్పాట్లను చట్టములు నిర్బంధము చేసినవి. విద్యుత్తును కలుపుట, ఇంజనును మేల్కొల్పుట, చక్రమును బంధించుట, విడిపించుట అను పనులన్నియు ఒకే రంధ్రమున కలిసినందువలన, వానిలో ఏ యొక్కటి అడ్డుపడినను మనకు కనబడు లక్షణము మాత్రము ఒక్కటే అయినది.

మొదటి జాతిలో ప్రధానమైనది స్టీరింగు లాకు. స్టీరింగు చక్రమునుండి క్రిందికి దిగు ఇనుపదండమునకు ఒక గాడి యుండును. తాళపు పేటికలో స్ప్రింగుచేత నెట్టబడు ఒక గట్టి కడ్డీ యుండును. చెవిని బయటికి తీసిన పిమ్మట చక్రమును కొంచెము కదిపినచో, గాడి ఎదురుగా వచ్చినంతనే ఆ కడ్డీ టక్కుమని అందులో పడును. అప్పటినుండి చక్రము తిరుగదు. మరల చెవిని దూర్చి త్రిప్పినప్పుడు, మన వ్రేళ్ళ బలమే ఆ కడ్డీని గాడిలోనుండి వెనుకకు లాగవలెను. గాడికిని కడ్డీకిని నడుమ ఎడమున్నంతవరకు ఇది శ్రమలేని పని. చక్రము ఒకవైపునకు ఒరిగి, గాడి యంచు కడ్డీని గట్టిగా నొక్కుచున్నచో, కడ్డీ కదలదు. కడ్డీ కదలనిదే చెవి తిరుగదు. తలుపును బయటినుండి ఎవరో నెట్టుచుండగా లోపలి గడియను తీయబోయినవారికి ఈ ఇబ్బంది తెలియును: తప్పు గడియలో లేదు, నెట్టుడులో నున్నది, తలుపును తనవైపు నుండి ఒక్క పిసరు ఎదురు నెట్టినచో గడియ తానే వచ్చును.

మరి నిలిచియున్న కారులో చక్రమును నెట్టువారెవరు? టైరులే. ముందుచక్రములు వంకరగా తిరిగియున్నప్పుడు ఇంజను ఆపివేసినచో, నేలను పట్టుకొనియున్న రబ్బరు మెలిబడి, తిన్నబడుటకై ప్రయత్నించుచు, ఆ ఒత్తిడిని దండము మీదుగా గాడి వరకు పంపుచుండును. ఫుట్‌పాతు అంచునకు టైరు ఒరిగియున్నచో ఈ ఒత్తిడి మరింత అధికము. విశాఖపట్టణము వంటి ఎత్తుపల్లముల ఊరిలో కారు నిలుపువారికి ఇది తరచుగా ఎదురగుటకు కారణమిదియే. పల్లమువైపు ముఖముగా నిలుపునప్పుడు ముందుచక్రములను ఫుట్‌పాతువైపు త్రిప్పియుంచుట మంచి అలవాటు. బ్రేకు జారినను బండి ఆ యంచునకు తట్టుకొని నిలుచును. అయితే అట్లు ఆనుకొనిన చక్రముపై కారు బరువు కొంత పడి, ఆ బరువే మరునాటి యుదయమున చెవిని తిరుగనీయదు. మంచి అలవాటును ఇందుకొరకు మానుకొనరాదు. చేతిబ్రేకును ముందుగా గట్టిగా బిగించి, బండిని గేరులో నుంచి, బరువంతయు బ్రేకుపై నిలిచిన తరువాత చెవిని తీసినచో కీడు చాలవరకు తప్పును. కారు దిగునప్పుడు స్టీరింగు చక్రమును పట్టుకొని దానిపై బరువు మోపి లేచువారును, ఆగిన కారులో పిల్లలను చక్రముతో ఆడుకొననిచ్చువారును తమకు తెలియకయే ఈ లాకును బిగించుచుందురు.

ఇక విడిపించు విధానము. మొదట వ్రేళ్ళను చెవిపైనుండి తీసివేసి, చక్రమును రెండు చేతులతో పట్టుకొని, మెల్లగా కుడికిని ఎడమకును కదిపి చూడవలెను. ఒకవైపు అది రాతికి తగిలినట్లు వెంటనే ఆగును. రెండవవైపు కొంచెము, ఒక్క అంగుళమో అంతకంటె తక్కువయో, రబ్బరు సాగినట్లు సాగి వెనుకకు లాగును. సాగు ఆ వైపే మనకు కావలసిన వైపు. ఎడమచేతితో చక్రమును ఆవైపు నిలకడగా లాగి పట్టి, కుడిచేతి బొటనవ్రేలితోను చూపుడువ్రేలితోను చెవిని సున్నితముగా త్రిప్పుచుండవలెను. లాగుడు చివరి వరకు పోయినచో కడ్డీ గాడి రెండవ యంచునకు తగిలి మరల చిక్కుకొనును. కావున కడ్డీ రెండంచులనడుమ వదులుగా నిలుచు చోటు దొరకువరకు చక్రమును కొద్దికొద్దిగా వదలుచు పట్టుచు చూడవలెను. ఆ చోటు దొరికిన క్షణమున చెవి వెన్నలో కత్తివలె తిరుగునని నేను చెప్పను గాని, అంతవరకు పడిన శ్రమలో పదవవంతైనను అక్కరలేకుండ తిరుగుట మీ వ్రేళ్ళకే తెలియును. చక్రమును ఊపుటయు లాగుటయు కొంత గట్టిగానైనను ఉండవచ్చును; చెవిపై మాత్రము బలము ఎన్నడును పెరుగరాదు. చక్రము ఇనుము, చెవి పలుచని ఇత్తడియో దానివంటి మెత్తని లోహమో.

ఈ జాతికే చెందిన మరికొన్ని అడ్డంకులను క్లుప్తముగా చెప్పెదను. ఆటోమేటిక్ గేరు గల కార్లలో, గేరు మీట పార్కు స్థానమున సరిగా కూర్చుండనిచో చెవి లాక్ స్థానమునకు మరలి రాదు, బయటికిని రాదు. మీటను ఒకమారు వెనుకకు లాగి మరల పార్కులోనికి గట్టిగా నెట్టినచో చాలవరకు చక్కబడును. మరికొన్ని కార్లలో చెవిని లోపలికి నొక్కి పట్టిననే గాని చివరి స్థానమునకు తిరుగదు. చెవికి బదులు బొత్తాము నొక్కి నడుపు నేటి కార్లలో పెక్కింటను స్టీరింగు లాకు కలదు. అది విడివడనప్పుడు బొత్తామును నొక్కుచు చక్రమును అటునిటు కదుపుటయే అచ్చటను ఉపాయము. బ్యాటరీ మాటకు వత్తుమా, కేవలము యాంత్రికమైన తాళమునకు విద్యుత్తుతో పని లేదు. బ్యాటరీ పూర్తిగా చచ్చినను చెవి తిరుగవలెను. కావున చెవియే తిరుగని చోట బ్యాటరీని నిందించి ప్రయోజనము లేదు. చెవి తిరిగియు ఇంజను పలుకనిచో అది వేరు రోగము.

ఇప్పుడు రెండవ జాతిని విచారింతము. కారు తాళపు గొట్టములో పలుచని ఇత్తడి రేకులు వరుసగా నిలిచియుండును. ప్రతి రేకు నడుమను ఒక కిటికీ వంటి రంధ్రము. ఒక్కొక్కదానికి ఆ రంధ్రము ఒక్కొక్క ఎత్తున నుండును. ప్రతి రేకును ఒక సన్నని స్ప్రింగు బయటికి నెట్టుచుండును. చెవి ఆ కిటికీలలోనుండి దూరిపోవునప్పుడు దానిపైని గాట్లు ఒక్కొక్క రేకును తనకు తగిన మట్టమునకు తెచ్చి నిలుపును. అన్ని రేకుల యంచులును గొట్టము ఒరతో సమముగా వచ్చినప్పుడే గొట్టము తిరుగును. ఒక్క రేకు ఇసుకరేణువంత పొడుచుకొని వచ్చినను తిరుగదు. ఏండ్ల తరబడి రాపిడిచేత చెవి గాట్ల శిఖరములు గుండ్రబడును, రేకుల యంచులును అరుగును. నా వంతు కొంచెము నీ వంతు కొంచెముగా ఆ రెండు అరుగుదలలును చేరి, ఒకనాడు మట్టము తప్పును.

ఇట్టి రోగము ముందుగనే సూచనలు చూపుచునే యుండును. చెవిని చివరివరకు దూర్చి, ఒక్క పిసరు వెనుకకు లాగిన తరువాతనే తిరుగుచున్నదన్నచో, చెవిని పైకి క్రిందికి కదిలింపనిదే పట్టు దొరకుట లేదన్నచో, అది అరుగుదల. స్టీరింగు లాకు అకస్మాత్తుగా వచ్చును. అరుగుదల నెలల తరబడి చెప్పి వచ్చును. ఈ భేదమొక్కటి గుర్తున్నచో సగము రోగనిర్ణయము జరిగినట్లే. తక్కిన సగమునకు సాక్షులు ఇంటిలోనే యున్నారు. ఒకటి, బీరువాలో వాడకుండ దాచిన రెండవ చెవి: అది తిరిగి, నిత్యము వాడు చెవి తిరుగనిచో దోషము చెవిది, రెండును తిరుగనిచో దోషము తాళముది. రెండవ సాక్షి, ఎవరును చెవి పెట్టి తెరువని ప్రక్కతలుపు. చాల కార్లలో ఒకే చెవి తలుపులకును ఇంజనునకును పనికివచ్చును. ప్రక్కతలుపు తాళము వాడుక లేనందున దాని రేకులు అరుగకుండ నుండును. నిత్యము వాడు చెవి అచ్చట కూడ తడబడినచో అరిగినది చెవియే యని తలంపవచ్చును. చెవిని బల్లపై పరచి చూచినచో వంగినదో లేదో కంటికే తెలియును. వంగిన చెవిని తిన్నగా కొట్టి మరల వాడుట కంటె దానిని విశ్రమింపజేయుటయే మేలు, ఏలనన ఒకమారు వంగిన చోట లోహము బలము తగ్గి, తాళములోననే విరుగవచ్చును.

కొత్త చెవిని చేయించుటలోను ఒక మెలకువ కలదు. వీధి మూలల డూప్లికేటు చెవులు చేయువారి యంత్రమునకు ఒకవైపు పాత చెవి, ఒకవైపు కొత్త ఇత్తడి పలక బిగింపబడును. పాతదాని యంచున ఒక సూచి నడచుచుండగా ఆ నడకనే అనుసరించి రెండవవైపు కోత పడును. పనివాడు ఎంత నేర్పరియైనను ఆ యంత్రము ఎదుటనున్నదానినే నకలు తీయును. అరిగిన చెవిని ఇచ్చినచో అరుగుదలను కూడ శ్రద్ధగా నకలు తీసి ఇచ్చును. కావున నకలుకు ఇవ్వవలసినది వాడకుండ దాచిన చెవి. అదియు లేనిచో, కారు కొన్ననాడు చెవులతోపాటు ఇచ్చిన చిన్న లోహపు బిళ్ళపై నుండు అంకెనుబట్టి కంపెనీవారిచేత మొదటి కొలతలకే కోయించుకొనవచ్చును. ఆ బిళ్ళను చెవుల గుత్తిలో త్రిప్పక, కాగితములతో భద్రపరచుట మంచిది. ఇప్పటి చాల చెవుల తలలో చిప్పు ఒకటి ఇమిడియుండును. అది లేని నకలు తాళమును త్రిప్పును గాని ఇంజనును నడుపనీయదు.

తాళములో నూనె పోయుట మన ఇండ్లలో పాత అలవాటు. తలుపు తాళము బిగిసినచో కొబ్బరినూనె చుక్క వేయుట చూచి పెరిగినవారు కారు తాళమునకును అదే వైద్యము చేయుదురు. ఆ పూటకు అది పనిచేయును. అందువలననే దానిపై నమ్మకము నిలిచినది. తరువాత కొన్నాళ్ళకు, వీధిదుమ్మును చొక్కాజేబులోని నూలుపోగులును ఆ జిడ్డున చేరి జిగురై రేకులను అంటిపెట్టుకొనును. స్ప్రింగులు వానిని నెట్టజాలవు. ఇట్టి తాళములకు పొడి మందు వలయును: గ్రాఫైటు పొడి. అది దొరకనిచో మెత్తని పెన్సిలు ములికిని చెవి గాట్లపై బాగుగా రుద్ది, చెవిని అనేక పర్యాయములు దూర్చి తీయవలెను. ములికిలోనిది గ్రాఫైటే గనుక అది రేకులకు పట్టును. సముద్రపుగాలి వీచు ఊళ్ళలో ఉప్పు తేమచేత లోపలి లోహము చిలుమెక్కుటయు కలదు. అచ్చటివారు ఈ శుభ్రతను అప్పుడప్పుడు ముందుగనే చేసికొనుట శ్రేయస్కరము.

తాళపుచెవులను గుత్తులుగా వ్రేలాడదీయు అలవాటును గూర్చి ఒక మాట. ఇంటి చెవులు, బీరువా చెవులు, దేవుని బిళ్ళ, ఇత్తడి ఆభరణము అన్నియు ఒకే వలయమునకు గ్రుచ్చి కారు తాళమునుండి వ్రేలాడదీసినచో, బండి గతుకులలో ఊగినప్పుడెల్ల ఆ బరువు రేకులను రాచుచుండును. అమెరికాలో ఇంతకంటె ఘోరమైన పర్యవసానము చూడబడినది. జనరల్ మోటార్స్ కంపెనీ షెవ్రొలే కోబాల్ట్ మొదలగు చిన్న కార్లలో చెవిని నడక స్థానమున నిలిపి పట్టవలసిన స్విచ్చి పట్టు చాలనిదగుటచే, గుత్తి బరువుకో మోకాలి తాకిడికో చెవి తానై వెనుకకు తిరిగి, నడుచుచున్న బండిలో ఇంజను ఆగుటయు, ప్రమాదమున గాలిసంచులు తెరచుకొనకపోవుటయు సంభవించెను. 2014లో ఆ కంపెనీ దాదాపు 26 లక్షల కార్లను వెనుకకు పిలిపించెను. ఆ దోషము వలన 124 మంది మరణించిరని ఆ కంపెనీ పరిహారనిధి అంగీకరించెను. తిరుగవలసినప్పుడు తిరుగని చెవి మనకు ఆలస్యము మాత్రమే తెచ్చును. తిరుగరానప్పుడు తిరిగిన చెవి ప్రాణమునకే ముప్పు తెచ్చును. తాళమున కొంత బిగువుండుట మన రక్షణకే యని ఈ దుఃఖమయ వృత్తాంతము చాటుచున్నది.

ఆ బిగువును మనంతట మనమే వమ్ముచేసికొను సందర్భమొకటి మన కొండదారులలో కలదు. తిరుమల, శ్రీశైలము ఘాటు రోడ్లపై దిగునప్పుడు పెట్రోలు ఆదాయగునని ఇంజను ఆపి, బండిని పల్లమునకు వదలువారు ఇంకను ఉన్నారు. ఇంజను ఆగినచో బ్రేకునకు తోడగు శక్తి రెండు మూడు నొక్కుళ్ళలో తరిగిపోవును, స్టీరింగు బరువెక్కును, చెవిని ఒక్క మెట్టు అదనముగా వెనుకకు త్రిప్పి బయటికి లాగినచో, మనము ఇంతవరకు చెప్పుకొన్న ఆ కడ్డీయే మలుపు నడుమ గాడిలో పడి చక్రమును బంధించును. చక్రములు తిరుగుచున్నంతవరకు చెవిని లాక్ వైపునకు తాకనే తాకరాదు. మిగిలిన పెట్రోలు ఎంతయైనను ఈ అపాయమునకు వెల కాజాలదు.

చెప్పిన ఉపాయములన్నియు చేసియు చెవి కదలనిచో, ఇక ఆగుటయే వివేకము. పట్టకారుతో చెవి తలను పట్టి త్రిప్పుట, సుత్తితో కొట్టుట, దారిన పోవు బలవంతుని పిలిచి త్రిప్పించుట కూడదు. చెవి లోపల విరిగినచో, అంతవరకు తాళము మాత్రమే మార్చవలసిన పనికి విరిగిన ముక్కను తీయు పని తోడగును. నమ్మకమైన మెకానిక్కును పిలిచి, తాళపు గొట్టము మార్చవలసివచ్చినచో, కొత్త గొట్టములోని రేకులను పాత చెవి కొలతకే అమర్చి ఇమ్మని అడుగవచ్చును. అట్లు చేయించుకొనినచో తలుపులకొక చెవి, ఇంజనునకొక చెవి మోయు బాధ తప్పును.

శ్రోతలారా, ఈ విద్యను ఇంటిలో బండి నడుపువారందరును ఎరిగియుండవలెనని నా ప్రార్థన. ముఖ్యముగా ఒంటరిగా పోవు ఆడపడుచులకును, కొత్తగా నేర్చుకొను పిల్లలకును ఒకమారు చేతితో చేయించి చూపవలెను. చీకటిపడిన వేళ, జనసంచారము లేని చోట, ఏమగునో తెలియక భయపడుటకును, ఇది స్టీరింగు లాకు, దీనిని ఇట్లు విడిపింపవలెనని తెలిసి చక్రముపై చేయి వేయుటకును ఎంతయో భేదమున్నది. అందుకు పనిముట్లు అక్కరలేదు, బలము అక్కరలేదు, ఖర్చు అక్కరలేదు. మీ పెరటిలో నిలిచియున్న కారులోనే, తీరికయున్న యొక ఆదివారమున, చక్రమును కావలెనని బిగించి, మరల విడిపించుట నేర్పినచో చాలును. ఆ పని ఈ వారమే చేయుదురుగాక.